తొమ్మిది గళ్ళు

మధ్యాహ్నం ఒంటిగంటకల్లా పిల్లలు నిద్రపోయారు. పన్నెండు చాపల మీద పన్నెండు చిన్న పొట్టలు లేస్తూ పడుతూ ఉన్నాయి, పైన రేకుల మీద వాన ఒకటే పనిగా కొడుతోంది, పదమూడో చాప మాత్రం చుట్ట చుట్టి గోడకి నిలబెట్టి ఉంది. దానివైపు చూడకూడదనుకుంటూనే దొరొతేయా మళ్ళీ చూసింది. చూసి, బల్ల మీద పరిచిన కాగితం వైపు కళ్ళు తిప్పుకుంది. నిన్నటితో నెల ముగిసింది. రెండు గంటలకి ఆఫీసు నుంచి నోర్మా వస్తుంది, మోటారుసైకిలు దిగి, హెల్మెట్ తీసి, నెల కాగితాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని పట్టుకుపోతుంది, ఆ తర్వాత దాని మీద ఇక ఎవరి చెయ్యీ పడదు. ఇరవై రెండేళ్ళుగా ఈ చెక్క పలకల ఇల్లే వాడలో పిల్లల ఇల్లు, దొరొతేయా వాడ తల్లి, ఆ పేరు ఆఫీసు పెట్టిందే. పదమూడు మంది పిల్లలు, పదమూడు వరసలు, ఒక్కో వరసలో పేరు, తండ్రి ఇంటిపేరు, తల్లి ఇంటిపేరు, పది అంకెల నంబరు, ఆ పైన పనిరోజుకో గడి. వచ్చిన పిల్లకి టిక్కు, రాని పిల్లకి సున్నా. నల్ల ఇంకుతోనే రాయాలి. కొట్టివేత ఒక్కటున్నా, దిద్దిన అంకె ఒక్కటున్నా కాగితం చెల్లదు, మొదటి నుంచి మళ్ళీ రాసుకోవాల్సిందే. ఏడో వరస సరాయ్ మొస్కేరా పలాసియోస్‌ది. ఆ వరసలో చివరి తొమ్మిది గళ్ళలో తొమ్మిది టిక్కులున్నాయి, తక్కినవాటికన్నా కాస్త గట్టిగా ఒత్తి పెట్టినవి. తొమ్మిదీ అబద్ధాలే.

మొదటిది అబద్ధం కాదు, అలవాటు. ఎవరడిగినా ఆ మాట చెప్పగలదు, ఎవరూ అడగలేదు గాని. ఆరు నెలల పసిగుడ్డుగా ఉన్నప్పటి నుంచీ సరాయ్ అందరికన్నా ముందొచ్చేది, పావు తక్కువ ఆరుకి, తల్లి ఎలోయిసా రేవులో చేపలు కడిగే పనికి పోతూ పోతూ దించిపోయేది. గుమ్మం ముందు బురద మీద వేసిన పలక ఆ అడుగులకి టకటకమనేది, ఆ చప్పుడు వినగానే దొరొతేయా పెన్ను తీసి ఏడో వరసలో టిక్కు పెట్టేసేది, పిల్ల గడప దాటకముందే, దాటాక చేతులు ఖాళీ ఉండవు కదా, ఎత్తుకోవాలి, ముక్కు తుడవాలి, రాత్రి కలలో ఏ జంతువు వచ్చిందో వినాలి. ఆ సోమవారం కూడా పలక చప్పుడైంది. టిక్కు పెట్టింది. తలుపు తీస్తే కుక్క. కుక్కని తిట్టి పొయ్యి వెలిగించింది, వానకి ఆలస్యమైందిలే అనుకుంది, తొమ్మిదైతే జ్వరమేమో అనుకుంది, మధ్యాహ్నం సరాయ్ పళ్ళెం విడిగా మూత పెట్టి ఉంచి, సాయంత్రం తనే తినేసింది. రెండో టిక్కు ఆశ. రేపో ఎల్లుండో తిరిగొచ్చే పిల్లకి వరస మధ్యలో సున్నా ఎందుకు, పురుగు తొలిచిన పంటిలాగా. ఎక్కడుందో మొదటి రోజే తెలిసింది, సాయంత్రం ఓ తల్లి తన పిల్లాణ్ణి తీసుకుపోతూ, గొడుగు విప్పుతూ, అదేమంత మాట కానట్టు చెప్పింది: "సరాయా? పై మెట్ల దగ్గర యానెత్ ఇంట్లో ఉంది కదా తేయమ్మా. నీకు చెప్పలేదూ?" ఆ 'చెప్పలేదూ' అన్న మాట రాత్రంతా చెవిలో దోమలా తిరిగింది. మూడో టిక్కు నుంచి ఇక అది అలవాటూ కాదు, ఆశా కాదు. దానికో పేరుంది, ఆ పేరు రాయడం కూడా దొరొతేయాకి వచ్చు, కాని రాయలేదు, టిక్కు పెట్టింది.

యానెత్ ఇంట్లో గచ్చు. నున్నటి ఆకుపచ్చ గచ్చు, నీళ్ళు చల్లితే చాలు అద్దంలా ఉంటుందట, ఇక్కడ పలకల సందుల్లో పడ్డ అన్నం మెతుకు ఏరడానికి పుల్ల కావాలి. గోడల మీద చేపల బొమ్మలు, ఎర్రవీ నీలంవీ చిన్న కుర్చీలు, పిల్లలకి పాటలు చూపించే పలక లాంటి ఫోను. మూడు నెలలైంది తెరిచి. ఇంకా పరీక్ష గడువులోనే ఉంది, ఒక్క తప్పు దొరికితే మూసేస్తారు, ఈ సంగతి దొరొతేయా ఎవర్నీ అడక్కుండానే తెలుసుకుంది, అంటే అందర్నీ అడిగింది. మంచిదే, వాడలో ఇంకో ఇల్లుంటే మంచిదే, తెరిచిన రోజు తనే స్వయంగా వెళ్ళి నూనెలో వేయించిన అరటిముక్కల పళ్ళెం ఇచ్చి కూడా వచ్చింది, నవ్వుతూ ఇచ్చింది, ఆ నవ్వు దవడల్లో ఇంకా నొప్పిగానే ఉంది. పిల్లలు వెళ్ళిపోవడం ఆమెకి కొత్తా? ఇరవై రెండేళ్ళలో వందమంది దాకా వెళ్ళారు. ఐదేళ్ళు నిండుతాయి, యూనిఫాం తొడుక్కుంటారు, బడికి పోతారు, మొదటి వారం వీధిలో కనిపిస్తే పరిగెత్తుకొస్తారు, రెండో నెలకి చెయ్యి ఊపుతారు, ఆ తర్వాత సిగ్గుపడతారు. అది వయసు తీసుకుపోవడం. వయసు మీద ఎవరికేం కుళ్ళు? మూడేళ్ళ పిల్ల తన కాళ్ళతో తను నడిచి ఇంకో గడప ఎక్కడం వేరు. ఆ గడప యానెత్‌ది కావడం మరీ వేరు.

ఎందుకంటే ఈ కాగితం మీది ప్రతి అక్షరం యానెత్ పెట్టిన భిక్షే. మొదటి ఆరేళ్ళు కాగితాలన్నీ మొగుడు ఎవరిస్తో రాశాడు. దొరొతేయా పిల్లల్ని కడిగి, తినిపించి, నిద్రపుచ్చి, సాయంత్రం మొగుడు రంపపు మిల్లు నుంచి వచ్చాక పేర్లు చెప్పేది, ఆయన టిక్కు పెట్టేవాడు, మధ్యలో ఆటపట్టించేవాడు, "ఇవాళ నువ్వొచ్చావా? నీకో గడి గీయనా?" అని. ఓ రోజు దుంగల గుట్ట జారి మీద పడి ఆయన పోయాడు. దొరొతేయాకి నలభై ఏడు. ఆఫీసు నుంచి అప్పట్లో వచ్చే ఆమె నెల రోజులు చూస్తామంది, కాగితం రాయలేని మనిషి చేతికి పిల్లల్ని ఎట్లా ఇస్తామంది, ఆ మాట మర్యాదగానే అంది. పక్కింటి పిల్ల యానెత్‌కి అప్పుడు పదకొండేళ్ళు. బడి నుంచి వచ్చి, ఉప్పుకారం అద్దిన పచ్చిమామిడి ముక్క చప్పరిస్తూ గుమ్మంలో నిలబడి అంతా విని, "అక్షరాలు నీకొద్దు తేయమ్మా, చాలా ఉంటాయి. పేర్లు నేర్పుతా, పదమూడే కదా," అంది. పిండి సంచుల వెనకవైపు, బొగ్గుతో. ఇది పాములా మెలిక తిరిగింది చూడు, ఇది సామువేల్‌ది. ఇది దువ్వెనలా ఉంది, ఇది ఎమిలియానాది. పిల్లల మొహాలు గుర్తుంటే అక్షరాలు గుర్తుంటాయంది, నిజంగానే ఉన్నాయి, ఇప్పటికీ పాము అక్షరం రాస్తే సామువేల్ చీమిడిముక్కే కనిపిస్తుంది, వాడిప్పుడు పడవ నడుపుతున్నాడు, వాడికే ఇద్దరు పిల్లలు. చెయ్యి వణికితే యానెత్ తన చిన్న చెయ్యి పైన వేసి దిద్దించేది. మామిడి రసం అంటిన చెయ్యి, జిగురుగా ఉండేది. ఇప్పుడా చెయ్యే సరాయ్‌ని పట్టుకుంటుంది. కృతజ్ఞత ఉండాల్సిన చోట ఇంత మంట ఎట్లా పుడుతుందో దొరొతేయాకి అర్థం కాలేదు, లోపల ఒకే పొయ్యి ఉందేమో, ఏది వేసినా కాలుతుందేమో.

ఇంత మంట ఇంతకు ముందు ఒక్కసారే తెలుసు. ఎవరిస్తోకి నది దిగువన ఇంకో మనిషి ఉండేది, అందరికీ తెలుసు, దొరొతేయాకీ తెలుసు, బతికున్నన్నాళ్ళూ దాన్నో నులిపురుగులా మింగి ఊరుకుంది. శవం ముందు ఆడవాళ్ళు చావు పాటలు పాడుతుంటే ఆ మనిషి పడవ దిగి వచ్చింది, తలుపు దగ్గరే కూలబడింది, ఏడ్చింది. అట్లా ఇట్లా కాదు. తెల్లారేసరికి ఆమె కళ్ళు దొరొతేయా కళ్ళకన్నా ఎక్కువ వాచాయి. మొగుణ్ణి పంచుకున్నందుకు కాదు కడుపు మండింది, ఆ వాపు చూసి మండింది. ఏడుపులో కూడా తను రెండోదైపోయింది. తర్వాత సిగ్గేసింది, చాలా ఏళ్ళు సిగ్గేసింది, ఇక ముసలితనంలో ఆ జబ్బు రాదనుకుంది. అరవై మూడేళ్ళకి, మూడేళ్ళ పిల్ల కోసం.

ఏడో వరస మీద వేలు పెట్టింది. ఈ కాగితం ఇట్లాగే నోర్మా చేతికిచ్చేస్తే ఏమవుతుంది? వారం రోజులుగా పొద్దున టిక్కు పెట్టేటప్పుడల్లా దీన్ని నాలుక మీద బెల్లంముక్కలా తిప్పుకుంది. సరాయ్ నంబరు ఇక్కడా ఉంటుంది, యానెత్ కాగితంలోనూ ఉంటుంది. ఆఫీసులో కంప్యూటరు ఒకే నంబరుని రెండు ఇళ్ళలో చూస్తుంది. ఎవరో ఒకరు దొంగ. ఇరవై రెండేళ్ళలో ఒక్క కొట్టివేత లేని దొరొతేయానా, మూడు నెలల యానెత్తా? నోర్మా మెట్లెక్కి వెళ్ళి అడుగుతుంది, యానెత్ తెల్లబోతుంది, ఆకుపచ్చ గచ్చు మీద ఎర్ర కుర్చీలు బోర్లా పడతాయి, గడువులో ఉన్న ఇల్లు కదా, ఇక అంతే. ఎలోయిసా పిల్లని చంకనేసుకుని కిందికి దిగొస్తుంది, పలక టకటకమంటుంది. ఇక్కడిదాకా ఎంతో బాగుంటుంది. ఇక్కడ ఆపేస్తే ఏ బాధా లేదు. కాని మనసు ఆగదు, పలక దాటి ఇంకా ముందుకు పోతుంది, పోతే అక్కడ మార్సియాల్ ఉంటాడు. రెండేళ్ళ కిందట మార్సియాల్ అనే పిల్లాడి నంబరు పొరపాటున రెండు కాగితాల్లో పడింది. కంప్యూటరు నంబరుకి తాళం వేసింది. విచారణ తేలేదాకా వాడికి ఏ ఇంట్లోనూ చోటు లేదు, పోషకాల పిండి లేదు, ఏడు నెలలు. వాడి అమ్మమ్మ వాణ్ణి రేవుకే తీసుకుపోయేది, చేపలు కోసే బల్ల కాలికి గుడ్డతో కట్టేసేది, నీళ్ళలోకి పోకుండా. దొరొతేయా ఓసారి బొకచీకో చేపలు కొనడానికి వెళ్ళి చూసింది. వాడి చెంపల నిండా పొలుసులు. ఏడవడం కూడా మానేశాడు, బల్ల కింద పడే రెక్కముక్కల్ని వరసగా పేర్చుకుంటున్నాడు. ఎలోయిసా పని చేసేది కూడా ఆ బల్ల దగ్గరే.

బల్ల మీది మైనపు గుడ్డ కింద ఖాళీ కాగితాలు రెండున్నాయి. గడియారం ఒంటిగంట ఇరవై చూపిస్తోంది. పదమూడు పేర్లు, పదమూడు పదుల అంకెలు, ఒక్కో వరసకి ఇరవై రెండు గళ్ళు. ఆమె రాతకి వరసకి మూడు నిమిషాలు, ఇంటిపేరు పొడుగైతే నాలుగు. ఏం నిర్ణయించుకున్నట్టూ అనిపించలేదు. మంచి కాగితం తీసి, పాతదాన్ని మైనపు గుడ్డ కిందికి నెట్టి, సగం బయటికి ఉంచి, దాన్ని చూస్తూ మొదటి వరస మొదలుపెట్టింది.

ఆబెల్ కొర్దోబా మేనా. వాన జోరు తగ్గి మళ్ళీ పెరిగింది. ఒకటి, సున్నా, ఏడు, ఏడు. అంకెలు పేర్లకన్నా సులువు, వాటికి మొహాలు లేవు. రెండో వరస దగ్గర చెయ్యి వేడెక్కింది, మూడో వరసలో అక్షరాలు కాస్త తిన్నగా వచ్చాయి, యానెత్ చూస్తే మెచ్చుకునేది, ఛ, ఆమె మెప్పెవరిక్కావాలి. తొమ్మిది రోజులూ సాయంత్రం నాలుగింటికి తన పిల్లలందరూ వెళ్ళిపోయాక దొరొతేయా ఓ గిన్నె పట్టుకుని మెట్లెక్కేది. యానెత్ ఇంటి ఎదురుగా కొట్టుంది, కొట్టుకి వరండా ఉంది, వరండాలో నిలబడితే యానెత్ కిటికీ చువ్వల్లోంచి గదంతా కనిపిస్తుంది, అక్కడి పిల్లలు ఐదున్నరదాకా ఉంటారు. కొట్టులోకి పోతే ఏదో ఒకటి కొనాలి కదా, ఉప్పు చీజు కొనేది. ఆరో రోజు కొట్టువాడు చీజు ముక్క కోస్తూ, "ఏంటత్తా, ఎలుకల్ని పెంచుతున్నావా?" అన్నాడు. "నీలాంటి అల్లుడున్నాడు, వాడికి," అంది. వాడు పడీ పడీ నవ్వాడు. వాడే చెప్పాడు, ఎలోయిసాకి పని వేళ మారిందట, పెద్ద పడవలు తెల్లవారుజామున నాలుగింటికే వస్తున్నాయట, ఇంకా చీకటుండగానే పిల్లని నిద్రలోనే తెచ్చి యానెత్‌కి అందించి పోతుందట, ఇద్దరివీ గోడా గోడా ఆనుకున్న ఇళ్ళాయె. అదీ ఒక కారణమేనా? నాలుగింటికి తను మాత్రం తలుపు తియ్యదా? రెండింటికి కూడా తీసేది. ఎలోయిసా అడగలేదు. అడిగుండాల్సింది. మూడేళ్ళు చంకనేసుకు పెంచిన మనిషిని ఒక్క మాట అడగడానికి దారి దూరమైందా? ఎన్ని కారణాలు విన్నా గచ్చూ ఎర్ర కుర్చీలే కళ్ళముందు నిలిచేవి. ఇంటినిండా చీజు పేరుకుపోయింది, అన్నంలో చీజు, పప్పులో చీజు, పిల్లలు బొద్దుగా అవుతున్నారు.

నాలుగు. ఐదు. ఐదో వరసలో తల్లి ఇంటిపేరు దగ్గర, బల్ల పక్కనే ఉన్న చాప కదిలింది. ఆబెల్ లేచి కూర్చున్నాడు, జుట్టంతా ఒక వైపుకి అణిగి, కళ్ళు సగం తెరిచి, గోడ వైపు చూస్తూ.

"తేయా. సరాయ్ చాప ఎందుకు నిలబడింది?"

"దానికి నిద్ర రాలేదంట. నీకొచ్చింది కదా, పడుకో."

"కాళ్ళు నొప్పి పుట్టవా దానికి?"

"పుడితే కూర్చుంటుందిలే. పడుకో నాన్నా."

వాడు పడుకున్నాడు. కుడిచేత్తో అంకెలు వేస్తూ ఎడమచేత్తో వాడి వీపు నిమిరింది, రెండు చేతులు రెండు పనులు చేయడం ఈ ఇరవై రెండేళ్ళలో వచ్చిన విద్య, ఇది మాత్రం ఎవరూ నేర్పలేదు. సరాయ్ రావడం మానేసిన నాలుగో రోజు సాయంత్రం తలుపు తట్టారు. "తేయమ్మా, నేను, యానెత్‌ని. ఓ మాట చెప్పాలి." దొరొతేయా అప్పుడే కొట్టు నుంచి వచ్చి, చీజు గిన్నె ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. కదల్లేదు. ఊపిరి కూడా చిన్నగా పీల్చింది. "లోపలున్నావని తెలుసు తేయమ్మా, చెప్పులు బయటే ఉన్నాయి." అయినా కదల్లేదు. కాసేపటికి పలక మీద అడుగులు వెనక్కి వెళ్ళిపోయాయి. ఏం చెప్పడానికి వచ్చింది? పిల్ల నా దగ్గరే ఉంటానంటోంది అని చెప్పడానికా? నువ్వు పెద్దదానివైపోయావు, ఇక పదమూడు మంది ఎందుకు నీకు అనడానికా? ఎన్ని రకాలుగా ఊహించుకున్నా ప్రతిసారీ యానెత్ గొంతు మెత్తగానే ఉండేది, అదే తట్టుకోలేకపోయింది. తిట్టే మనిషైతే తిరిగి తిట్టొచ్చు.

ఆరు. ఏడు. సరాయ్ అని రాసింది. పాము అక్షరం బాగా వచ్చింది, అన్నిటికన్నా బాగా. మొస్కేరా. పలాసియోస్. నంబరు చూసి రాయక్కర్లేదు, పది అంకెలూ నోటికొచ్చు. పదమూడు టిక్కులు పెట్టింది, అవి నిజం, ఒక్కోటీ పెడుతుంటే ఒక్కో పొద్దు పలక టకటకమంది. తర్వాత సున్నా. చేతిని కాస్త పైకెత్తి, మళ్ళీ దించి, ఇంకో సున్నా. మంచి పని చేస్తున్నట్టేమీ అనిపించలేదు, పన్ను పీకించుకుంటున్నట్టుంది. ఇదే తొమ్మిది గళ్ళలో అక్కడ పైన యానెత్ టిక్కులు పెట్టుకుని ఉంటుంది, ఆ గుండ్రటి బడి చేతిరాతతో సరాయ్ పేరు రాసుకుని ఉంటుంది, తనకన్నా అందంగా రాసుకుని ఉంటుంది. రాసుకోనీ. ఐదు సున్నాలు. అక్కడ పిల్ల చెంచాతో తనే తింటోంది, ఇక్కడ మూడేళ్ళూ తన చేత్తో కలిపి పెడితే తప్ప నోరు తెరవలేదు. ఏడు. జుట్టుని యానెత్ సన్నటి జడలు అల్లి చివర పూసలు గుచ్చింది, తల తిప్పితే గలగలమంటాయి, వరండాదాకా వినిపించాయి. తొమ్మిది. తొమ్మిదో సున్నా కొంచెం వంకరపోయింది, దిద్దకూడదు కాబట్టి దిద్దలేదు. కారణం అన్న గడి ఖాళీగా వదిలేసింది. తక్కిన ఆరు వరసలూ ఎట్లా రాసిందో తెలియదు, పదమూడో వరస చివరి టిక్కు పెడుతుంటే బయట మోటారుసైకిలు ఆగింది.

"పడవలో రావాల్సింది తేయమ్మా, బుద్ధి లేక బండి మీద వచ్చాను," అంటూ నోర్మా వానకోటు విప్పి మేకుకి తగిలించింది. పిల్లల్ని చూసి గొంతు తగ్గించింది. "కాగితం ఇచ్చెయ్. కాఫీ వద్దు. సరే, సగం కప్పు పొయ్యి."

దొరొతేయా కాఫీ పోసింది. నోర్మా నిలబడే తాగుతూ కాగితం మీద వేలు దించుకుంటూ వచ్చి ఏడో వరస దగ్గర ఆగింది.

"ఇదేంటి? వరసగా తొమ్మిది సున్నాలు! ఎనిమిది దాటితే చోటు పోతుందని నీకు నేను చెప్పాలా?"

"పైన యానెత్ దగ్గరుంది. ఆ కాగితంలో ఉంటుంది చూడు."

"యానెత్ కాగితం ఇప్పుడే తెచ్చాను, నా సంచిలోనే ఉంది." నోర్మా దాన్ని బయటికి లాగి, రెండుసార్లు చూసింది. "ఇందులో లేదే."

"ఎందుకుండదు? సరిగ్గా చూడు."

"నువ్వే చూసుకో తల్లీ, నీకూ చదువొచ్చుగా."

దొరొతేయా చూసింది. గుండ్రటి చేతిరాత. ఒక్కో పేరు మీద వేలు పెట్టి, పెదాలు కదుపుతూ, చివరిదాకా చదివింది. పన్నెండు పేర్లు. పాము అక్షరంతో మొదలయ్యేది ఒక్కటీ లేదు. పదమూడో వరస ఖాళీగా ఉంది, నంబరు లేదు, గళ్ళలో చుక్క లేదు. తొమ్మిది రోజులు పిల్లకి అన్నం పెట్టి, జడలు వేసి, నిద్రపుచ్చి, రాసుకోలేదు. తేయమ్మ పిల్ల, తేయమ్మ ఒప్పుకునేదాకా రాయకూడదనుకుంది. ఆ మాట అడగడానికే తలుపు తట్టింది. దొరొతేయా మొహం వేడెక్కింది, చెవులు వేడెక్కాయి, సిగ్గు అనుకుంది ముందు, కాదు, అదే పాత మంట: ఇందులో కూడా యానెత్తే ముందుంది. మంచితనంలో కూడా తను రెండోదైపోయింది.

"ఏ కాగితంలోనూ లేని పిల్ల తొమ్మిది రోజులు ఎక్కడున్నట్టు, గాల్లోనా?" నోర్మా కప్పు కింద పెట్టింది. "సోమవారం ఈ చోటు ఇంకొకరికి పోతుంది. నలభై మంది ఎదురుచూస్తున్నారు. నేను ఆపలేను."

మైనపు గుడ్డ కింద నుంచి పాత కాగితం అంచు కనిపిస్తోంది. తొమ్మిది టిక్కులు. యానెత్ కాగితంలో నంబరు లేదు కాబట్టి ఇప్పుడది ఎవర్నీ పట్టివ్వదు. పొరపాటున వేరే కాగితం ఇచ్చానమ్మా, ఇదీ అసలుది అంటే చాలు. చోటు పోదు. సరాయ్ ఈ ఇంటి పిల్లే అవుతుంది, ఈ నెల, వచ్చే నెల, ఐదేళ్ళు నిండేదాకా ఏడో వరసలోనే ఉంటుంది. దొరొతేయా చెయ్యి మైనపు గుడ్డ దాకా వెళ్ళింది, అంచు వేళ్ళకి తగిలింది కూడా. పిండి ఇక్కడికొస్తుంది, పిల్ల అక్కడ తింటుంది. రోజూ పొద్దున కుక్క చప్పుడుకి టిక్కు పెట్టుకోవాలి, సాయంత్రం వెళ్ళి చీజు కొనుక్కోవాలి. చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఎవరైనా చూసినవాళ్ళు రాసిస్తే చెల్లుతుందా?"

"చూసినవాళ్ళా? యానెత్ రాస్తే చెల్లదు, ఆమె ఇల్లే కదా. ఎలోయిసా రాసినా చెల్లదు. బయటి మనిషి, తొమ్మిది రోజులూ కళ్ళారా చూసిన మనిషి సంతకం పెడితే పిల్లని ఆ ఇంటికి మార్చొచ్చు, చెప్పకుండా ఉంచుకున్నందుకు యానెత్‌కి నాలుగు చివాట్లు పడతాయి, అంతే. కాని అట్లా రోజూ చూసేదెవరు, వేరే పనీ పాటా లేకుండా?"

"నేను."

"నువ్విక్కడ పన్నెండు మందితో ఉంటావు కదా."

"నాలుగింటికి అందరూ వెళ్ళిపోతారు. కొట్టు వరండాలో నిలబడి చూశాను. రోజూ చూశాను." మైనపు గుడ్డ లాగి పాత కాగితం అంచు కప్పేసింది. "కొట్టువాణ్ణి అడుగు, తొమ్మిదిసార్లు చీజు కొన్నాను."

నోర్మా ఆమె వంక చూసింది. నవ్వుతుందనుకుంది దొరొతేయా, నవ్వలేదు. నోర్మా కుర్చీ లాక్కుని కూర్చుంది, సంచిలోంచి గీతల కాగితం తీసి ముందుకు జరిపింది. "తారీఖులు రాయి. పక్కన 'చూశాను' అని రాయి. కింద సంతకం. అంతకన్నా ఏం అక్కర్లేదు."

అంతకన్నా అక్కర్లేదని దొరొతేయా విన్నది. కాని ఉత్త 'చూశాను' అంటే ఎవరు నమ్ముతారు, ఏం చూసిందో రాయకపోతే? చిన్నగా, ఒత్తి, ఒక్కో పదం పెదాలతో పలుక్కుంటూ రాసింది. ఇరవై, పసుపు గౌను, కిటికీ దగ్గర నిలబడి ఉంది. ఇరవై ఒకటి, చెంచాతో తనే తింది. ఇరవై రెండు, యానెత్ కాళ్ళకి మందు రాస్తోంది, దోమలు కుట్టాయి. ఇరవై మూడు, ఇంకో పిల్ల బొమ్మ లాక్కుంది, మళ్ళీ ఇచ్చేసింది. చాపల మీద పిల్లలు ఒక్కొక్కరే లేస్తున్నారు, ఎవరో నీళ్ళడిగారు, నోర్మా లేచి ఇచ్చింది. ఇరవై నాలుగు, పూసల జడలు, పాట పాడుతోంది, పాట మనది కాదు, కొత్తది. శని ఆదివారాలు వదిలేసి ఇరవై ఏడు, ఏడుస్తోంది, యానెత్ ఎత్తుకుంది, ఊరుకుంది. ఇరవై ఎనిమిది, నిద్ర. ఇరవై తొమ్మిది, యానెత్‌ని అమ్మా అని పిలిచింది. అది రాశాక పెన్ను పక్కన పెట్టి, చెయ్యి విదిలించుకుని, మళ్ళీ తీసుకుంది.

"ఇక ముప్పయ్యో తారీఖే మిగిలింది," అంది నోర్మా భుజం మీంచి చూస్తూ, "ఉత్త తారీఖు వెయ్యి, చాలు."

ముప్పై, అని రాసింది. సరాయ్ నన్ను చూసింది. చెయ్యి ఊపింది. మళ్ళీ ఆటకి వెళ్ళిపోయింది.

ఆ కింద తన పేరు రాసింది, రెండు ఇంటిపేర్లతో, పూర్తిగా.